చిరునామాల పెద్దమనిషి: జాన్ పోస్టెల్

హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్ళకు వార్డెన్ గది పక్కన గోడకు కొట్టి ఉండే గళ్ళ చెక్కపెట్టె గుర్తుండే ఉంటుంది. ఇంటినుంచి ఉత్తరం వస్తుందని రోజుకు నాలుగుసార్లు ఆ పెట్టె చుట్టూ తిరిగిన తరం మాది. అందులో వచ్చే కవర్లలో కొన్నిటి మీద మనిషి పేరు ఉండేది కాదు. సెక్రటరీ, మెస్ కమిటీ అనో, ప్రిన్సిపాల్ గారికి అనో ఉండేది. ఆ ఏడాది సెక్రటరీ ఎవరో రాసినవాడికి తెలియదు, తెలియనక్కర కూడా లేదు. ఎవరు ఎన్నికైతే ఆ ఉత్తరం వాళ్ళ చేతికి వెళ్ళేది. పేరు కుర్చీది, చెయ్యి మనిషిది.

ఈనాటి ఈ-మెయిలు సర్వరులో ఇదే ఏర్పాటును అలియాస్ అంటారు. అలియాస్ అనగానే పోలీసు స్టేషను బోర్డు మీది పాత నేరస్థుల పేర్లు గుర్తొస్తాయి గాని, ఇక్కడ ఆ మాటకు ఏ దోషమూ లేదు. సర్వరులో ఒక చిన్న ఫైలు ఉంటుంది. ఎడమవైపు లోకానికి తెలిసిన పేరు, మధ్యలో రెండు చుక్కలు, కుడివైపు ఉత్తరం నిజంగా చేరవలసిన పెట్టె. దానికి తోడు కొన్ని నియమాలు ఉంటాయి. ఫలానా చోటినుంచి వస్తే తీసుకో, ఫలానాది వస్తే తిప్పి పంపు, ఇంకోటి వస్తే పారెయ్. చూడ్డానికి గుమాస్తా పని. ఈ గుమాస్తా పనిలో ఎంత బరువుందో నాకు తెలిసొచ్చిన సంగతి ఒకటి ముందు చెప్పి, తర్వాత అసలు మనిషి దగ్గరకు వస్తాను.

కొన్నేళ్ళ క్రితం ఒక విద్యాసంస్థలో, ఏ ఊరిదని అడగకండి, నన్ను ఆ సర్వరు ఒకసారి చూడమన్నారు. పైచదువుకు సీటు వచ్చిన ఒక అమ్మాయి తన సర్టిఫికెట్టు ధ్రువీకరించమని ఆ సంస్థ ప్రవేశాల విభాగం చిరునామాకు మూడు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికీ జవాబు లేదు. పోనీ తిరిగైనా రాలేదు. తిరిగి రాలేదు గదా, చేరే ఉంటాయని ఆ పిల్ల కూర్చుంది. గడువు దాటిపోయింది, ఆ ఏడాదికి సీటు పోయింది. సర్వరు లాగులు తిరగేస్తే కథ బయటపడింది. ఆ అలియాసు ఎప్పుడో రిటైరైపోయిన గుమాస్తా గారి పెట్టెకు కట్టి ఉంది. ఆ పెట్టె నిండిపోయి ఉత్తరాలు తిరుగుముఖం పడుతుంటే, ఫిర్యాదుల గోల పడలేక ఎవరో పుణ్యాత్ముడు ఒక నియమం రాసిపెట్టాడు. ఆ పెట్టెకు వచ్చేవన్నీ అందుకున్నామని చెప్పి, చప్పుడు చెయ్యకుండా చెత్తబుట్టలో వెయ్యమని. మూడు ఉత్తరాలకూ సర్వరు 250 అని జవాబిచ్చింది. 250 అంటే సరే, పుచ్చుకున్నాను అని అర్థం. పుచ్చుకుంది, పారేసింది.

ఉత్తరాల వ్యవహారంలో ఆ 250 అంటే ఏమిటో, ఒకసారి ఆ అంకె చెప్పాక సర్వరు ఏం చెయ్యాలో 1982లో కాగితం మీద పెట్టినవాడు జాన్ పోస్టెల్. సావనీరుకు ఒక మహనీయుని జీవితం రాయమని సంపాదకులు అడిగినప్పుడు, రామన్ గారో ఐన్‌స్టీనో అయితే బాగుంటుందని స్టాఫ్ రూములో సలహాలు వచ్చాయి. నాకు మాత్రం ఆ మూడు ఉత్తరాలు గుర్తొచ్చి, ఈయన పేరే కలం కిందికి వచ్చింది.

పోస్టెల్ 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఆల్టడీనా అనే చోట పుట్టాడు. లాస్ ఏంజిలిస్ దగ్గరి వాన్ నైస్ హైస్కూల్లో చదివాడు. ఇంటర్నెట్ చరిత్రలో పేరు మోసిన వింట్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా అదే స్కూలు విద్యార్థులు. ఒకే బడినుంచి ముగ్గురు, ఆ బడి నీళ్ళలో ఏముందో! తర్వాత లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1966లో బి.ఎస్., 1968లో ఎం.ఎస్., 1974లో కంప్యూటర్ సైన్సులో పిహెచ్.డి. పుచ్చుకున్నాడు. గడ్డం గుండెలదాకా, కాళ్ళకు సాండల్స్. పెద్దపెద్ద అధికారులను కలిసినా వేషం మార్చలేదు. తీరిక దొరికితే సియరా కొండల్లో నడకకు పోయేవాడు.

ఆయన రీసెర్చి విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే, 1969లో, అదే విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ క్లైన్‌రాక్ ప్రయోగశాలకు ఆర్పానెట్ తాలూకు మొదటి యంత్రం వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 29న అక్కడినుంచి స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి సందేశం పోయింది. ఆ ప్రయోగశాలలో పనిచేసిన కుర్రవాళ్ళలో పోస్టెల్ ఒకడు. యంత్రాలు ఒకదానితో ఒకటి ఏ మర్యాదతో మాట్లాడుకోవాలో తేల్చడానికి ఆ విద్యార్థులు తమలో తాము నోట్సు రాసుకునేవారు. పెద్దలు ఎవరైనా కోప్పడతారేమోనని వాటికి చట్టాలని గాని నియమాలని గాని పేరు పెట్టకుండా, మీ అభిప్రాయం చెప్పండి అనే అర్థం వచ్చేలా ఆర్.ఎఫ్.సి. అని వినయంగా పిలిచారు. మొదటిది 1969 ఏప్రిల్‌లో క్రాకర్ రాశాడు. వాటిని సరిచూసి, నంబరు వేసి, భద్రపరిచే పని పోస్టెల్ భుజాన వేసుకున్నాడు. అదే పని చనిపోయేదాకా, దాదాపు ముప్ఫై ఏళ్ళు చేశాడు. తాను స్వయంగా రాసినవీ, ఇతరులతో కలిసి రాసినవీ రెండు వందలకు పైబడి ఉన్నాయి. అలాగని ముఖం గంటు పెట్టుకున్న మనిషి కాదు. పావురాల కాళ్ళకు కట్టి ఇంటర్నెట్ సమాచారం పంపే పద్ధతి మీద 1990 ఏప్రిల్ 1న ఒకాయన హాస్యంగా రాసినదాన్ని కూడా ఆ వరుసలోనే అచ్చువేశాడు. నంబరు 1149. 2001లో నార్వేలోని బెర్గెన్‌లో కొందరు నిజంగానే పావురాలతో ప్రయత్నిస్తే, పంపిన తొమ్మిదింటికి నాలుగే జవాబులు వచ్చాయట!

ఇక అంకెల సంగతి. కంప్యూటరులో ఏ పనికి ఏ తలుపు అన్నది అందరూ ఒకేలా వాడకపోతే వ్యవహారం సాగదు. 1972 మే నెలలో రాసిన 349వ ఆర్.ఎఫ్.సి.లో పోస్టెల్, ఈ అంకెలు పంచి లెక్క రాసిపెట్టడానికి ఒక పెద్ద ఉండాలని ప్రతిపాదించి, అది నేనేనా అన్నట్టు పక్కనే బ్రాకెట్లో ఒక ప్రశ్నార్థకం పెట్టాడు. ఎవరూ కాదనలేదు. అంతే, ఆ ప్రశ్నార్థకం ఆయన జీవితమైపోయింది. ఎవరికి ఏ అంకె ఇచ్చాడో మొదట్లో ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాడు. మెయిలు సర్వరుకు 25 అనే అంకె ఆ లెక్కల్లోదే, ఇప్పటికీ చెల్లుతోంది.

1977 మార్చిలో ఆయన సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. మళ్ళీ ఉద్యోగం మారలేదు. 

ఈ-మెయిలును ఆయన కనిపెట్టలేదు. ఒక యంత్రంనుంచి ఇంకో యంత్రానికి ఉత్తరం పంపి, పేరుకూ యంత్రానికీ మధ్య ఎట్ గుర్తు పెట్టినవాడు రే టామ్లిన్‌సన్, 1971లో. ఆ తర్వాత పదేళ్ళపాటు ఉత్తరాలు ఫైళ్ళు మోసే పద్ధతికి తోకలా వేలాడుతూ ప్రయాణం చేశాయి. ఎద్దుబండిలో ధాన్యం బస్తాల నడుమ ఉత్తరాల సంచి పడేసినట్టు. ఉత్తరాలకు వేరే బండి కావాలని 1980లో సుజాన్ స్లూయిజర్‌తో కలిసి పోస్టెల్ ఒక పద్ధతి రాశాడు. అది మరీ చిక్కుగా ఉందని సులభం చేసి, 1982 ఆగస్టులో 821వ ఆర్.ఎఫ్.సి.గా వెలువరించాడు. దాని పేరే ఎస్.ఎం.టి.పి. అందులోని ఎస్. సులభం అనే మాటకు గుర్తు.

నిజంగానే సులభం. ఒక సర్వరు ఇంకో సర్వరు తలుపు కొట్టి హెలో అంటుంది. ఉత్తరం ఎవరినుంచో చెబుతుంది. ఎవరెవరికో ఒక్కొక్క పేరే అడుగుతుంది. ప్రతి పేరుకూ అవతలివాడు మూడంకెల జవాబు విడిగా ఇవ్వాలి. పోస్టెల్ ఇచ్చిన ఉదాహరణలో ఆల్ఫా అనే యంత్రంనుంచి స్మిత్ అనేవాడు, బీటాలో ఉన్న జోన్స్, గ్రీన్, బ్రౌన్‌లకు ఒకే ఉత్తరం రాస్తాడు. జోన్స్ పేరుకు 250 వస్తుంది. గ్రీన్ పేరుకు 550, అంటే అలాంటివాడు ఇక్కడ లేడు. బ్రౌన్‌కు మళ్ళీ 250. అప్పుడు ఉత్తరం ఒక్కసారే పంపుతారు, చివర ఒక వరుసలో ఒంటరిగా ఒక చుక్క పెట్టి ముగిస్తారు. అంకెల్లో మొదటిది చూస్తే చాలు. 2 అంటే సరే. 4 అంటే ఇప్పుడు వీలుకాదు, మళ్ళీ రా. 5 అంటే లేదు, రావద్దు. నాలుగుతో జవాబు వస్తే పంపేవాడు ఉత్తరాన్ని వరుసలో పెట్టుకుని నాలుగైదు రోజులు ప్రయత్నం చేస్తూనే ఉండాలని 1989లో ఆయన సహోద్యోగి బాబ్ బ్రేడెన్ కూర్చిన నియమావళి చెప్పింది.

ఊరు మారిన మనిషి సంగతి కూడా పోస్టెల్ మరచిపోలేదు. మన పోస్టుమాన్ ఏం చేస్తాడు? ఆయన ఇక్కడ లేడండీ, కొత్త అడ్రసు నాకు తెలుసు, నేనే పంపిస్తాను అంటాడు. అది 251. లేదా, ఆయన ఇక్కడ లేడు, ఫలానా చోట కనుక్కోండి అంటాడు. అది 551. రెండూ మర్యాదే. మొదటిదానిలో బాధ్యత తాను తీసుకున్నాడు, రెండోదానిలో తీసుకోలేదు. తీసుకున్నాడా, తీసుకోలేదా అన్నది మాత్రం తలుపు దగ్గరే తేలిపోవాలి. తీసుకున్న తర్వాత ఉత్తరం చేర్చలేకపోతే, చేర్చలేకపోయానని రాసినవాడికి కబురు పంపి తీరాలని 821 శాసించింది. ఆ కబురు కూడా చేరకపోతే దాని మీద మళ్ళీ కబురు, దాని మీద ఇంకో కబురు, ఇలా రెండు సర్వర్లు రాత్రంతా ఒకదాన్నొకటి తిట్టుకునే ప్రమాదం ఉంది గనుక, ఆ కబురు కవరు మీద పంపినవారి పేరు ఖాళీగా వదిలెయ్యవచ్చని దారి కూడా చూపించాడు. మన తపాలా శాఖలో ఎవరికీ చెందని ఉత్తరాలకు డెడ్ లెటర్ ఆఫీసు ఉండేది. పోస్టెల్ పద్ధతిలో అటువంటి ఆఫీసుకు చోటు లేదు. ఉత్తరం చేరాలి, లేదా తిరిగి రావాలి. మధ్యలో మాయం కావడానికి వీల్లేదు. ఆ సంస్థలో పుణ్యాత్ముడు రాసిన నియమం సరిగ్గా దీన్నే తప్పింది.

అలియాసు ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే కవరు వేరు, లోపలి కాగితం వేరు అన్నది గ్రహించాలి. లోపలి కాగితం మీద గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి అని ఉంటుంది, అది ఎలా ఉండాలో అదే నెలలో డేవిడ్ క్రాకర్ 822లో రాశాడు. సర్వరు చూసేది కవరును. అలియాసు దొరికితే కవరు మీద చేరవలసిన పేరు కొట్టేసి కుడివైపు పేరు రాస్తుంది. పంపినవారి పేరు ముట్టుకోదు. అదే పేరు వెనుక నూరుమంది సభ్యుల జాబితా ఉందనుకోండి, అప్పుడు సంగతి వేరు. ఒక సభ్యుడి పెట్టె చెడిపోతే ఆ కబురు పాపం ఉత్తరం రాసినవాడికి ఎందుకు? జాబితా నడిపేవాడికి పోవాలి. అందుకని కవరు మీద పంపినవారి పేరు కూడా మార్చాలి. ఈ తేడా తెలియక జాబితాను అలియాసు లాగా పెట్టి, పండగ శుభాకాంక్షలు పంపిన పాపానికి ముప్ఫై తిరుగుటపాలు తిన్నవారు మన లెక్చరర్లలోనే ఉన్నారు.

822 ఇంకో మాట ఖాయం చేసింది. ప్రతి చోటా పోస్టుమాస్టర్ అనే పేరు ఒకటి ఉండి తీరాలి, ఆ పేరుకు రాస్తే బాధ్యత గల ఒక మనిషికి అందాలి. ఊరు ఏదైనా సరే, అక్కడ ఎవరి పేరూ తెలియకపోయినా సరే, ఆ ఒక్క పేరుకు రాయవచ్చు. పోస్టెల్ తర్వాత వచ్చిన 2008 నాటి సవరణ కూడా ఈ నియమాన్ని నిలబెట్టింది.

ఆయన పద్ధతిలో లోపం లేదా అంటే ఉంది. పంపేటప్పుడు కట్టుదిట్టంగా ఉండు, పుచ్చుకునేటప్పుడు ఉదారంగా ఉండు అనేది ఆయన సూత్రం, 1980 నుంచి ఆయన రాతల్లో కనిపిస్తుంది. పరస్పరం తెలిసిన కొన్ని వందల యంత్రాల లోకానికి అది చక్కగా సరిపోయింది. ఎవరి ఉత్తరాన్నైనా ఏ సర్వరైనా అవతలికి మోసిపెట్టేది. ఒక అలియాసు వెనుక ఎవరున్నారో అడిగితే పేర్లన్నీ చదివి వినిపించే ఆజ్ఞ కూడా 821లో ఉంది. వ్యాపార ప్రకటనలవాళ్ళు చొరబడ్డాక ఈ మర్యాదలన్నీ దొంగకు తాళంచెవి ఇచ్చినట్టయ్యాయి. ఇవాళ బుద్ధి ఉన్న ప్రతి సర్వరులోనూ ఆ ఆజ్ఞ మూసేస్తారు, పరాయి ఉత్తరాలు మొయ్యొద్దని మొదటి నియమంగా రాస్తారు. ఈ ప్రమాదం పోస్టెల్‌కు తెలియనిది కాదు, అదే నాకు ఆశ్చర్యం. 1975 నవంబరులోనే చెత్త ఉత్తరాల సమస్య గురించి 706వ ఆర్.ఎఫ్.సి. రాశాడు. అక్కరలేని సందేశాలు పంపే యంత్రాన్ని ఎంచి నిరాకరించే వీలు అందుకునే యంత్రానికి లేదని, ఉండాలని ఒక పేజీలో చెప్పాడు. అప్పటికి అది పాడైపోయిన యంత్రాల బెడద. మూడేళ్ళు తిరక్కుండా, 1978 మేలో, ఒక కంప్యూటర్ల కంపెనీ అమ్మకాల ఉద్యోగి ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. 1982లో తన పాత కాగితం ఒకసారి తిరగేసి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. మనుషుల్ని నమ్మడమే ఆయన బలహీనత.

1983 చివర పాల్ మొకపెట్రిస్ డొమైను పేర్ల పద్ధతిని రూపొందించినప్పుడు వెనకుండి నడిపించినవాడు పోస్టెలే. ఏ దేశానికి ఏ రెండక్షరాలు అన్న తగాదా వస్తుందని ముందే ఊహించి, ఏది దేశమో ఏది కాదో నేను తేల్చను, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ పట్టికలో ఉంటే ఉన్నట్టే అని తప్పుకున్నాడు. మన దేశపు అక్షరాలు 1989 మే నెలలో ఆ లెక్కలోకి ఎక్కాయి. ఈ పేర్లు ఎవరి ఆస్తీ కావు, నడిపేవాళ్ళు ధర్మకర్తలు మాత్రమేనని 1994లో 1591వ ఆర్.ఎఫ్.సి.లో స్పష్టంగా రాశాడు. దేవాలయ ధర్మకర్తల వ్యవహారాలు తెలిసిన మనకు ఆ పోలికలోని ఆశా, అపాయమూ రెండూ తెలుసు.

అంకెలు, పేర్లు పంచే ఈ వ్యవస్థకు ఐ.ఏ.ఎన్.ఏ. అని పెద్ద పేరుండేది. ప్రపంచం నలుమూలలనుంచీ ఆ పేరుకు ఉత్తరాలు రాసేవారు. ఏదో పెద్ద భవనం, వందమంది సిబ్బంది అనుకునేవారు. నిజానికి అది కూడా ఒక అలియాసే. కుడివైపు ఉన్నది జాన్ పోస్టెల్, జాయిస్ రెనాల్డ్స్ వంటి ఒకరిద్దరు సహాయకులు. కుర్చీ పేరుతో లోకం రాసేది, చెయ్యి మాత్రం ఎప్పుడూ ఆ ఒక్క మనిషిదే. ఇతరుల సర్వర్లలో పేరు వేరు, మనిషి వేరుగా ఉండాలని పద్ధతులు పెట్టినవాడు తన విషయంలో రెంటినీ విడదీయలేకపోయాడు.

1990ల చివరికి ఇంటర్నెట్‌లో డబ్బు పడింది. పేర్ల మూలపట్టిక నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే కంపెనీ చేతిలో ఉంది. ఎవరిది పెత్తనం అన్న తగవు ముదిరింది. 1998 జనవరి 28న పోస్టెల్, మూల సర్వర్లు నడిపే ఎనిమిదిమందికి ఉత్తరం రాసి, ఇకనుంచి పట్టికను ఆ కంపెనీ యంత్రంనుంచి కాకుండా తన యంత్రంనుంచి తీసుకోమన్నాడు. ఎనిమిదిమందీ మారుమాట లేకుండా మార్చేశారు. వాళ్ళ దృష్టిలో అది ధర్మకర్త మాట. వాషింగ్టన్ ఉలిక్కిపడింది. వైట్‌హౌస్ సలహాదారు మాగజీనర్ వెంటనే వెనక్కి తిప్పమన్నాడు. అది కేవలం పరీక్ష అని పోస్టెల్ చెప్పి వారంలోపలే యథాస్థితికి తెచ్చాడు. పరీక్షో, ఇదిగో ఈ తాళం మీది కాదు అని చెప్పడమో, చదివినవారు తేల్చుకోవచ్చు. ఎవరికీ ముందు చెప్పకుండా చెయ్యడం నాకు నచ్చదు. కాని ఒక్క రోజు కూడా ఎవరి ఉత్తరమూ ఆగలేదు, ఆ మాట కూడా చెప్పాలి.

ఆ గొడవ తర్వాత ఇక ఒక మనిషి మీద ఇదంతా ఆధారపడకూడదని ఆయన కూడా పట్టుబట్టి, కొత్త సంస్థ ఏర్పాటు పనిలో పడ్డాడు. 1998 సెప్టెంబరు 30న ఐకాన్ అనే ఆ సంస్థ కాలిఫోర్నియాలో రిజిస్టరయింది. అలియాసులో కుడివైపు పేరు మార్చే పని మొదలైందన్నమాట. అప్పటికి ఏడేళ్ళ కిందటే ఆయనకు గుండె కవాటం మార్చారు. మళ్ళీ ఆపరేషను అవసరమైంది. దాని తర్వాత వచ్చిన చిక్కులతో అక్టోబరు 16న లాస్ ఏంజిలిస్‌లో కన్నుమూశాడు. యాభైఅయిదేళ్ళు. కొత్త సంస్థకు నిండా మూడు వారాలు లేవు.

మర్నాడు కూడా ప్రపంచంలో ఎవరో ఒకరు అంకె కావాలని ఆ పేరుకు రాసే ఉంటారు. ఆయన సహచరులు ఆ పని ఆగనివ్వలేదు. ఐ.ఏ.ఎన్.ఏ. కొత్త సంస్థకు చేరింది, 2016 అక్టోబరు 1తో అమెరికా ప్రభుత్వపు కాంట్రాక్టు కూడా ముగిసింది. స్కూలునాటి బడివాడు వింట్ సెర్ఫ్ స్నేహితుణ్ణి తలుచుకుంటూ సంతాపం రాశాడు.  పోస్టెల్ ఇన్నేళ్ళూ సరిచూసి నంబర్లు వేసిన ఆ వరుసలోనే అచ్చయింది. దాని నంబరు 2468.